ఏడు ప్రతుల అర్జీ

జమీందారిణి చిట్టెమ్మగారి స్మారక డిగ్రీ కళాశాలలో రచనా నైపుణ్యం లేదన్న సంగతి బయటపడటానికి ముప్పై ఏడేళ్ళు పట్టింది. అన్నేళ్ళూ ఎవరూ చూడలేదు గనక ఉన్నట్టే అనుకుని అందరూ హాయిగా ఉన్నారు.

కిందటేడు యూనివర్సిటీ నుంచి తనిఖీ బృందం వచ్చింది. బల్లమీద పెట్టిన జీడిపప్పంతా తిని, ఇంక చేసేదేమీ లేక, "పిల్లల చేత ఏదైనా రాయించండి, చూద్దాం" అంది. మూడు వందల మందిని హాల్లో కూర్చోబెట్టి, కళాశాల వార్షికోత్సవానికి ముఖ్య అతిథిని ఆహ్వానిస్తూ ఉత్తరం రాయమన్నారు. అరగంటకి మూడు వందల కాగితాలూ వచ్చాయి. అందులో రెండు వందల తొంభైతొమ్మిది ఒకే ముక్కతో మొదలయ్యాయి: "నాకు జ్వరము వచ్చినందున."

పిల్లల తప్పేమీ లేదు. మూడో తరగతిలో మాస్టారు బోర్డు మీద సెలవు చీటీ రాసి బట్టీ పట్టించాడు. ఆ తరవాత ఎవరూ వాళ్ళ చేత మరో ఉత్తరం రాయించలేదు. కాస్త తెలివైనవాళ్ళు దాన్ని సందర్భానికి అతికించారు కూడా: "నాకు జ్వరము వచ్చినందున తమరు మా వార్షికోత్సవమునకు విచ్చేయ ప్రార్థన." మిగిలిన ఒక్క కాగితంలో మాత్రం నాలుగు వాక్యాల్లో శుభ్రమైన ఆహ్వానం ఉంది. అది ఎక్కడో కాపీ కొట్టిందని బృందం ఏకగ్రీవంగా తేల్చింది.

బృందం వెళ్ళిపోయి నివేదిక పంపింది. "విద్యార్థుల లిఖిత నైపుణ్యమును పెంపొందించవలసిన ఆవశ్యకత ఎంతేని గలదు" అని అందులో ఒక వాక్యం. ఆ వాక్యం చదివి ప్రిన్సిపాలు డాక్టర్ కొల్లూరి భానుమూర్తిగారికి వారం రోజులు అన్నం సయించలేదు. జంతుశాస్త్ర విభాగాధిపతి డాక్టర్ పేరి త్రిలోచనరావుగారిని మూడు రోజుల వర్క్‌షాపుకి పంపించారు. ఆయన ఒక గుడ్డ సంచీ, మెడలో వేలాడే అట్టముక్క, అంతులేని ఉత్సాహం వెంటబెట్టుకుని తిరిగొచ్చాడు. అట్టముక్క తరవాతెప్పుడో తీశాడు గానీ సంచీ ఈనాటికీ ఆయన భుజం దిగలేదు.

అలా త్రిలోచనరావుగారు డైరెక్టరుగా లిఖిత నైపుణ్య వికాస కేంద్రం పుట్టింది. ఎన్‌.సి.సి. వాళ్ళ కొయ్య తుపాకులు దాచే గది ఖాళీ చేయించి, సున్నం వేయించి, రిబ్బను కత్తిరించారు. తుపాకులకి వేరే చోటు దొరక్క ఒక మూలే ఉంచారు.

ఈ కేంద్రంలో మొదటి ట్యూటరు సోమలింగం. అతను తెలుగు చెప్పే అతిథి అధ్యాపకుడు. పదకొండేళ్ళుగా అతిథే. ఏటా జూన్‌లో ప్రిన్సిపాలుగారు దయతలచి అతన్ని మళ్ళీ ఆహ్వానిస్తే కళాశాలకి వస్తాడు, లేకపోతే లేదు. అందుచేత జూన్‌ నెల తప్ప మిగిలిన పదకొండు నెలలూ అతను రాబోయే జూన్‌ గురించే ఆలోచిస్తూ ఉంటాడు. మనిషి మంచివాడే. మంచితనానికి ధైర్యం కూడా తోడైతే ఈ కథ రెండో పేజీలోనే అయిపోయేది.

నిబంధనలు త్రిలోచనరావుగారు సభ పెట్టి చదివి వినిపించారు. కళాశాల ఆవరణలో ఎవరు ఏం రాసినా కేంద్రం ద్వారానే రావాలి, కేంద్రం ఆకుపచ్చ సీలు లేని కాగితం ఆఫీసులో పుచ్చుకోరాదు. ఒక్కో రచనా మళ్ళీ మళ్ళీ తిరగరాసి ఏడు ప్రతులు దాటాలి. ప్రతి ప్రతికీ పదికి ఇన్ని అని మార్కులు వేసి, అభివృద్ధిని రిజిస్టరులో చూపించాలి. ట్యూటరు కలం ముట్టరాదు. తప్పు ఎక్కడుందో చెప్పరాదు. చెబితే విద్యార్థి స్వయంవికాసం దెబ్బతింటుంది. గోడమీద రాయించిన మూడు ప్రశ్నలు మాత్రమే అడగాలి. మీరు ఏం చెప్పదలచుకున్నారు? ఎవరికి చెప్పదలచుకున్నారు? ఇంకా బాగా ఎలా చెప్పవచ్చు?

"అనారోగ్య సెలవు చీటీలకు మాత్రం మానవతా దృక్పథంతో మినహాయింపు ఇవ్వడమైనది" అని ప్రిన్సిపాలుగారు చివర కలిపారు. అంటే జ్వరం ఉత్తరాలు తప్ప మిగిలినవన్నీ కేంద్రం పరిధిలోకి వచ్చాయన్నమాట. జ్వరం ఉత్తరాలు మాన్పించడానికే కేంద్రం పెట్టారన్న సంగతి సభలో ఎవరికీ గుర్తు రాలేదు.

నెల తిరిగేసరికి కళాశాల కాగితాలన్నీ కొయ్య తుపాకుల గదిలో పేరుకున్నాయి. ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపు మీద అంటించవలసిన "నీళ్ళు రావడం లేదు" అన్న కాగితం నాలుగో ప్రతిలో ఉంది. ఈలోగా నీళ్ళు రావడం మొదలెట్టాయి, కాగితం మాత్రం ఇంకా వికసిస్తోంది. తుఫాను హెచ్చరిక వచ్చి ప్రిన్సిపాలుగారు సెలవు ప్రకటిస్తూ రాసిన సర్క్యులరు తుఫాను తీరం దాటిన తొమ్మిది రోజులకి బయటికొచ్చింది. భాష మాత్రం అద్భుతంగా ఉందని అందరూ ఒప్పుకున్నారు.

అక్టోబరు మొదటి వారంలో బి.ఎ. రెండో సంవత్సరం చదివే పాలెపు నూకరత్నం ఒక అరఠావు కాగితం పట్టుకుని సోమలింగం దగ్గరికి వచ్చింది.

"సీలెయ్యాలంటండి, మీ దగ్గరికెళ్ళమన్నారు" అంది.

సోమలింగం కాగితం తీసుకుని చదివాడు.

"ప్రిన్సిపాలు గారికి నమస్కారాలు. మా అమ్మ రొయ్యల షెడ్డులో పనిచేస్తుంది. ఆగస్టు నాలుగున అక్కడ తడిలో జారిపడి కుడిచెయ్యి విరిగింది. మనిషి రాకపోతే ఆ చోటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తారు. అందుకని చెయ్యి అతుక్కునేదాకా ముప్పై రెండు రోజులు అమ్మ చోట నేను రొయ్యలు వలిచాను. ఆ రోజులు కాలేజీకి రాలేదు. ఇప్పుడు అమ్మ పనికి వెళుతోంది, నేను క్లాసులకి వస్తున్నాను. నా హాజరు అరవై ఆరు శాతం ఉంది. తగ్గిన రోజులు మన్నించి నన్ను పరీక్ష రాయనివ్వండి."

అతను దాన్ని మళ్ళీ చదివాడు. పరీక్షకి డెబ్భై అయిదు శాతం హాజరు ఉండాలి. అరవై అయిదు దాటి ఉంటే తగిన కారణం చూపిస్తూ అర్జీ పెట్టుకోవచ్చు, ప్రిన్సిపాలు మన్నించవచ్చు. అరవై అయిదుకి ఒక్క పిసరు తగ్గినా ఇక ఎవరి చేతిలోనూ లేదు, ఏడాది పోయినట్టే. ఈ పిల్లకి అరవై ఆరు ఉంది, కారణం ఉంది, ఆ కారణాన్ని చెప్పే అర్జీ ఉంది. అందులో తీసెయ్యాల్సిన మాట గానీ చేర్చాల్సిన మాట గానీ అతనికి కనిపించలేదు. కిందటేడు నాలుగు వాక్యాల ఆహ్వానం రాసిందెవరో కూడా అప్పుడే తెలిసిపోయింది.

సంతోషం పట్టలేక రిజిస్టరులో మొదటి ప్రతికి తొమ్మిది మార్కులు వేశాడు. అదే అతను చేసిన తప్పు.

మర్నాడు త్రిలోచనరావుగారు పిలిపించారు. "ఏవిటయ్యా ఇది? మొదటి ప్రతికి తొమ్మిదా?"

"బాగుందండి."

"బాగుండటానికి ఇంకా మనం ఏమీ చెయ్యలేదే! ప్రతికి ఒక మార్కు చొప్పున అభివృద్ధి చూపించాలని వర్క్‌షాపులో నొక్కి చెప్పారు. తొమ్మిదితో మొదలెడితే ఏడో ప్రతికి పదిహేనవుతుంది. పదికి పదిహేను ఎలా వేస్తావు?"

సోమలింగం ఆలోచించాడు. ఆయన లెక్క సరిగానే ఉంది.

"ఆ అమ్మాయిని మూడు మార్కుల స్థాయిలో మొదటి ప్రతి రాసుకురమ్మను. అక్కడినుంచి మనం పైకి తీసుకొద్దాం. పైనున్నవాళ్ళని పైకి తేవడం సహాయమెలా అవుతుంది?"

'ఇదే చాలండి, సీలు వేసేస్తాను' అనే మాట సోమలింగం గొంతుదాకా వచ్చింది. దాని వెనకాలే జూన్‌ నెల వచ్చింది. మాట వెనక్కి పోయింది.

"అధ్వానంగా రాయడం ఎలాగండి?" అని అడిగింది నూకరత్నం నిజంగానే తెలియక.

ఎలాగో చెప్పడానికి నిబంధనలు ఒప్పుకోవు. "ఇంకా బాగా ఎలా చెప్పవచ్చు?" అని గోడ చూసి అడిగాడు సోమలింగం. అడిగి తల దించుకున్నాడు.

ఆ పిల్ల రెండుసార్లు ప్రయత్నించింది. రెండుసార్లూ బాగానే వచ్చింది. మూడోసారి వాక్యాలన్నీ చిందరవందర చేసి, సగం క్రియలు తీసేసి తెచ్చింది. చదివితే ఆగస్టు నాలుగున రొయ్యలకి చెయ్యి విరిగినట్టుంది. దానికి మూడు మార్కులు వచ్చాయి. త్రిలోచనరావుగారు చూసి, "అదీ! ఇప్పుడు పని చెయ్యడానికి మనకొక సమస్య దొరికింది" అని చేతులు రుద్దుకున్నారు.

ఇక సహాయం మొదలైంది. సోమలింగం ఉత్తరం మొదలు మాత్రమే చూస్తాడు. మధ్యభాగం కామర్సు మేడం రత్నకుమారిగారిది. ముగింపు వ్యాయామ అధ్యాపకుడు గజపతిరాజుగారిది. ఒకరి భాగం ఒకరు చూడకూడదు.

"ఎవరిదమ్మా ఈ చెయ్యి?" అని అడిగింది రత్నకుమారి మధ్యభాగం చదివి.

"మాయమ్మదండి. పైన రాశానండి."

"పైన చూసే అధికారం నాకు లేదు. మధ్యలో ఉన్నవాళ్ళకి కూడా అర్థమయ్యేలా రాయి."

అందుకని ప్రతి వాక్యంలోనూ 'మా అమ్మగారి యొక్క' చేరింది. ముగింపు దగ్గర గజపతిరాజుగారు కాగితాన్ని చేతిదూరంలో పట్టుకుని చూశాడు. "బలం లేదు. ముగింపంటే పెరేడ్‌లో ఎటెన్షన్‌లా నిలబడాలి. ఇదేంటి, 'రాయనివ్వండి' అని వంగిపోయింది?" అన్నాడు. తప్పు చెప్పకూడదని గుర్తొచ్చి, దాన్ని ప్రశ్నగా మార్చి మళ్ళీ అడిగాడు.

నాలుగో ప్రతి డైరెక్టరుగారి స్వహస్తాల్లోకి వెళ్ళింది. జంతుశాస్త్రం చదువుకున్న మనిషికి రొయ్య అన్న మాట ఒట్టిగా వదిలెయ్యడం కష్టమే.

"రొయ్యలంటే ఏ జాతి? ఉప్పునీటివా, మంచినీటివా? శాస్త్రీయ నామం ఏది? చెయ్యి విరిగిందన్నావు, రత్నియా, అరత్నియా?"

"ఏంటండి?"

"ముంజేతిలో రెండు ఎముకలుంటాయమ్మా. ఏది విరిగింది?"

"ఎక్స్‌రేలో గీతలాగా కనపడిందండి. ఏదో మాయమ్మనే అడగాలండి" అంది నూకరత్నం.

"అడుగు. పరిశోధన లేనిదే రచన లేదు."

కేంద్రం ఉదయం పది నుంచి పన్నెండు దాకా మాత్రమే తెరుస్తారు. పన్నెండున్నర బస్సు తప్పితే ట్యూటర్లకి మళ్ళీ అయిదింటిదాకా బస్సు లేదు. పది నుంచి పన్నెండు దాకా నూకరత్నానికి చరిత్ర, అర్థశాస్త్రం క్లాసులు. ఒకరోజు ఆమె గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"సార్‌, నేనిక్కడుంటే అక్కడ ఆప్సెంటేసేస్తన్నారండి. మొన్నటికి అరవై అయిదున్నరకొచ్చేసిందండి. హాజరు తగ్గిందని అర్జీ రాయడానికొస్తే, అర్జీ రాయడం మూలంగా హాజరు తగ్గిపోతంది."

సోమలింగం ఆ మాట మొయ్యలేక డైరెక్టరుగారి దగ్గరికి మోసుకెళ్ళాడు. ఇక్కడ గడిపిన గంటలకి హాజరు వేయిస్తే బాగుంటుందని మనవి చేశాడు.

త్రిలోచనరావుగారు ఓపికగా వివరించారు. "హాజరు వెయ్యాలంటే కేంద్రం క్లాసవ్వాలి. క్లాసయితే సిలబస్‌ ఉండాలి. సిలబస్‌ ఉంటే పరీక్ష ఉండాలి. పరీక్ష ఉంటే దానికీ డెబ్భై అయిదు శాతం కావాలి. ఆ చిక్కులన్నీ పిల్లల నెత్తిన పెడదామంటావా? కేంద్రానికి వచ్చినందువల్ల ఆప్సెంటయ్యానని విడిగా ఇంకో అర్జీ పెట్టుకోమను. మార్గం ఎప్పుడూ ఉంటుంది."

"అదీ కేంద్రం ద్వారానే రావాలాండి?"

"మరి? అదీ రచనే కదా."

సోమలింగం ఆ సాయంత్రం ఆఫీసులో హెడ్‌ గుమాస్తా ముత్యాల్రావు దగ్గర కూలబడ్డాడు. ముత్యాల్రావు ముప్పై ఏళ్ళుగా కళాశాల అర్జీలన్నీ పుచ్చుకుంటున్న మనిషి. ఒక్కటీ చదివి ఎరగడు.

"ఇంతకీ ఆ పిల్లకేం జబ్బండీ?" అన్నాడు ముత్యాల్రావు.

"జబ్బు లేదు. తల్లికి చెయ్యి విరిగింది."

"అయ్యో! జ్వరమని రెండు ముక్కలు రాసిస్తే మొదటి రోజే సంతకం పెట్టించేసేవాణ్ణి కదండీ. జ్వరానికి సీలూ అక్కర్లేదు, ఏడు ప్రతులూ అక్కర్లేదు. ఇప్పటికైనా మించిపోలేదు, రేప్పొద్దున్న పంపించండి."

మర్నాడు సోమలింగం తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి, ఆ ఉపాయం నూకరత్నానికి చెప్పాడు. ట్యూటరుగా అతను చేసిన నిజమైన సహాయం అదొక్కటే. ఆ పిల్ల అతని ముఖంలోకి చూసింది.

"నాకు జ్వరం రాలేదు కదండి."

"రాలేదనుకో. అందరూ రాసేదే కదా."

"మాయమ్మ చెయ్యిరిగి నెల్రోజులు మంచాన పడుందండి. నేను అయిదింటికి లేచి ఐసులో చేతులెట్టి రొయ్యలొలిచానండి. అదంతా జ్వరమని రాసేస్తే ఇంక అది జరగనట్టే కదండి. ఉన్నదున్నట్టు రాస్తే తప్పేంటండి?"

తప్పేమీ లేదని అతనికి తెలుసు. ఆ మాట చెప్పడం నిబంధనలకి విరుద్ధం కాదు కూడా. అయినా అతను గోడవైపు చూశాడు. ఆమె అయిదో ప్రతి తీసి బల్లమీద పెట్టింది.

ఏడో ప్రతి నవంబరు ఆఖరుకి పూర్తయింది. "సకల సద్గుణ సంపన్నులగు ప్రిన్సిపాలు మహోదయుల దివ్య సముఖమునకు" అని మొదలై, "ఉప్పునీటి కవచధారి జలచరములను సంస్కరించు కేంద్రమున మా అమ్మగారి యొక్క దక్షిణ హస్తపు అరత్ని యను అస్థి భగ్నమైనందున" అని సాగి, మూడు పేజీల తరవాత ఎటెన్షన్‌లో నిలబడింది. పరీక్ష రాయనివ్వమన్న ముక్క అయిదో ప్రతికీ ఆరో ప్రతికీ మధ్య ఎక్కడో జారిపోయింది. మొదలు చూసేవాళ్ళదీ కాదు, మధ్య చూసేవాళ్ళదీ కాదు, ముగింపుకి దానివల్ల నడుం వంగుతోంది. ఏడో ప్రతికి తొమ్మిది మార్కులు వచ్చాయి. మూడు నుంచి తొమ్మిదికి ఎదిగిన మొదటి రచన అదే.

ప్రిన్సిపాలుగారు చదివి కళ్ళు తుడుచుకున్నారు. "ఈ కళాశాల చరిత్రలో ఇటువంటి లేఖ నేను చూడలేదు" అని, అక్కడికక్కడే అద్దాల ఫ్రేము కట్టించి హాల్లో వేలాడదీయించారు. 'ఆదర్శ లేఖ' అని కింద చిన్న పలక.

నూకరత్నం ఆఫీసుకి వెళ్ళింది. ముత్యాల్రావు అసలు ప్రతి కావాలన్నాడు. అసలు ప్రతి ఫ్రేములో ఉంది. ఫ్రేము విప్పితే వచ్చే బృందానికి ఏం చూపిస్తామన్నారు డైరెక్టరుగారు. పోనీ జిరాక్సు పుచ్చుకోమని సోమలింగం బతిమాలితే ముత్యాల్రావు హాజరు పట్టీ తిప్పి చూపించాడు. అరవై మూడు. ఇంక అసలైనా నకలైనా ఒకటే.

పరీక్ష రాయకూడనివాళ్ళ జాబితా నోటీసు బోర్డు మీద పెట్టిన రోజు నూకరత్నం కేంద్రానికి వచ్చింది. ఏడవలేదు. ఏడిస్తే సోమలింగానికి కాస్త తేలిగ్గా ఉండేది.

"మొదటిదే బాగుందని మీకు ఆ రోజే తెలుసు కదండి?" అని అడిగింది.

ఆ ప్రశ్న గోడమీద లేదు. ఆమె వెళ్ళిపోయాక సొరుగులోంచి ఆ అరఠావు కాగితం తీసి చూసుకున్నాడు. ఇంత చదువు చెప్పి ఇంత పిరికితనంతో బతుకుతున్నందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

ఫిబ్రవరిలో బృందం మళ్ళీ వచ్చింది. జీడిపప్పు అయిపోయాక, "పోయినసారి రాయించిందే రాయించండి" అన్నారు అధ్యక్షులుగారు. భానుమూర్తిగారు చిరునవ్వు నవ్వి, మూడు వందల మందినీ హాల్లో కూర్చోబెట్టించారు. ఎదురుగా గోడమీద ఆదర్శ లేఖ. ముఖ్య అతిథిని ఆహ్వానిస్తూ ఉత్తరం. అరగంటకి మూడు వందల కాగితాలూ వచ్చాయి.

అధ్యక్షులుగారు మొదటిది చదివారు: "మా అమ్మగారి యొక్క దక్షిణ హస్తపు అరత్ని యను అస్థి భగ్నమైనందున తమరు మా వార్షికోత్సవమునకు విచ్చేయ ప్రార్థన." రెండోదీ అదే. పదోదీ అదే. ఈసారి మినహాయింపు ఒక్కటి కూడా లేదు.

"ఏమండీ, ఈ ఊళ్ళో మూడు వందల మంది తల్లులకీ చెయ్యి విరిగిందా?"

"లిఖిత ఏకరూపత సాధించామండి" అన్నారు ప్రిన్సిపాలుగారు వినయంగా.

"పోయినసారి జ్వరం ఉండేది" అన్నాడు సభ్యుల్లో ఒకాయన, పాత నివేదిక తిరగేస్తూ. "జ్వరం నుంచి అస్థి భగ్నానికి వచ్చారంటే పదసంపద బాగా పెరిగిందనే చెప్పాలి."

బృందమంతా తలూపింది. అధ్యక్షులుగారు లేచి వెళ్ళి ఫ్రేము ముందు నిలబడి మూడు పేజీలూ చదివారు. "ప్రౌఢంగా ఉంది. బహు ప్రౌఢంగా ఉంది. ఈ అమ్మాయి చేత మా ఎదుట నాలుగు మాటలు చెప్పించండి, నివేదికలో పేరు రాస్తాం."

ప్రిన్సిపాలుగారు డైరెక్టరుగారిని చూశారు. డైరెక్టరుగారు సోమలింగాన్ని చూశారు. "కాలేజీలో లేదండి. రొయ్యల షెడ్డులో ఉంది. ఇప్పుడు అమ్మ చోట కాదు, తన సొంత చోటే" అన్నాడు సోమలింగం.

వెంటనే అటెండరు వీర్రాజుని ప్రిన్సిపాలుగారి స్కూటరు మీద షెడ్డుకి తరిమారు. కళాశాల కీర్తి నీ చేతుల్లో ఉందని చెప్పి ఎలాగైనా తీసుకురమ్మన్నారు. అరవయ్యేళ్ళ వీర్రాజు ముప్పావుగంటలో ఒక్కడే తిరిగొచ్చి, తడిసిన కాగితం ముక్క ఒకటి ఇచ్చాడు. రొయ్యల పెట్టెమీద అంటించే చీటీ అది. వెనకవైపు పెన్సిలుతో ఒకే వాక్యం ఉంది.

ప్రిన్సిపాలుగారు చదివి, రంగు మారి, డైరెక్టరుగారికి ఇచ్చారు. ఆయన అటూ ఇటూ తిప్పి, "దీనిమీద సీలేదీ?" అని సోమలింగం చేతిలో పెట్టారు.

"నాకు జ్వరము వచ్చినందున రాలేకపోతున్నాను."

ఏం చెప్పదలచుకుందో స్పష్టంగా ఉంది. ఎవరికి చెప్పదలచుకుందో మరీ స్పష్టంగా ఉంది. ఇంకా బాగా ఎలా చెప్పవచ్చో సోమలింగానికి ఎంత ఆలోచించినా తోచలేదు. అతను కేంద్రంలో తన బల్ల దగ్గరికి నడిచి, ఎవరినీ అడగకుండా, ఆకుపచ్చ సీలు తీసి ఆ చీటీ మీద, మొదటి ప్రతి మీదే కొట్టాడు.